ఎడమ అంచున ఆడిన బలరామ్
(సంఘ వార్షికోత్సవ సభయందు గావించిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై నాటకమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేడు నేను ఫుట్‌బాల్ ఆటను గూర్చియు, అందు పేరు గాంచిన ఒక ఆటగానిని గూర్చియు ముచ్చటింపదలచితిని. ఇందుకు కారణము కలదు. ఈ బస్తరు ప్రాంతమున మనము నివసించు కాలనీలలో సాయంకాలమగుసరికి బంతి వెంట పరుగిడు పిల్లలెందరో కలరు. వారిని జూచి “ఈ ఆట రేపు అన్నము పెట్టునా?” యని దిగులుపడు తల్లిదండ్రులును కలరు. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒక మనుష్యుని జీవితమునుండి దానికి సమాధానము వెదకుదము.

ఆయన పేరు తులసీదాస్ బలరామ్. 1936వ సంవత్సరమున సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో జన్మించిరి. తల్లిదండ్రులు తమిళులు, పుట్టి పెరిగిన నేల మాత్రము మనది. బీద కుటుంబము. కుమారుడు చదువుకొని ఉద్యోగస్థుడు కావలెనని తల్లి కోరెను. బాలుని మనసు మైదానమునందుండెను. పాత పోలీసు బూట్ల తోలుతో కుట్టించుకొన్న బూట్లే ఆయనకు తొలి బూట్లు.

ఆ బాలుని ప్రతిభను గుర్తించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. భారత జట్టునకు శిక్షకుడును ఆయనయే. ఇరువది యేండ్ల ప్రాయమున బలరామ్ 1956 నాటి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో నుండిరి. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి, నాలుగవ స్థానము పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశము నేటివరకు అంతకు మించిన స్థానము నందలేదు.

బలరామ్ పలు స్థానములలో ఆడగలవారైనను, పెక్కుసార్లు నిలిచినది మైదానపు ఎడమ అంచున. నాటి పరిభాషలో దీనిని ‘అవుట్‌సైడ్ లెఫ్ట్’ అనెడివారు. నేడు ‘వింగర్’ అనుచున్నారు. వింగరనగా రెక్క వంటివాడు. అతడు గీత ప్రక్కనే నిలిచి ప్రత్యర్థుల రక్షణవరుసను వెడల్పుగా సాగదీయవలెను. తనను అడ్డగించువానిని తప్పించుకొని, గోలు ముందర వేచియున్న తనవానికి బంతి నందింపవలెను. గోలు కొట్టినవాని పేరు పత్రికలకెక్కును. బంతి నందించినవాని పేరు ఆట చూచినవారికి మాత్రమే తెలియును. కార్యాలయములలో పనిచేయు మనకీ సంగతి వివరింప నక్కరలేదు.

అట్లని బలరామ్ గోలులు కొట్టనివారు కారు. 1960లో రోము ఒలింపిక్స్‌లో హంగేరీపై ఒకటి, పెరూపై ఒకటి సాధించిరి. హంగేరీతో మనము 2–1 తేడాతో మాత్రమే ఓడితిమి. ఫ్రాన్సుతో 1–1గా సమానముగా నిలిచితిమి. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుపక్షమున ఆడి, 1961లో ఆ క్లబ్బునకు నాయకత్వము వహించి లీగు విజేతగా నిలిపిరి.

తరువాతి సంవత్సరము జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండొనేసియా ప్రభుత్వము ప్రవేశము నిరాకరింపగా, భారత ప్రతినిధి జి. డి. సోంధీ గారు దానిని వ్యతిరేకించిరి. అందుచే ప్రేక్షకులు మనవారిపై మండిపడుచుండిరి. 1962 సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ. ఎదురు నిలిచినది దక్షిణ కొరియా. మొదటి దశలో మనలను 2–0తో ఓడించిన జట్టు అదియే. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ కట్టుతోనే ఆడిరి. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేయగా భారతదేశము 2–1తో స్వర్ణపతకము గెలిచెను. గోలులు చేసినవారిలో బలరామ్ పేరు లేదు. కాని చునీ గోస్వామి, బెనర్జీ, బలరామ్ అను ముగ్గురిని కలిపియే నాటి క్రీడాభిమానులు నేటికిని తలచుకొందురు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరల స్వర్ణము లభింపలేదు.

ఆ సంవత్సరమే ఆయనకు అర్జున పురస్కారము లభించెను. కాని 1963లో రహీం గారు క్యాన్సరు వ్యాధితో కన్నుమూసిరి. అదే యేట బలరామ్ గారిని ఊపిరితిత్తుల వ్యాధి పట్టుకొన్నది. ఇరువది యేడేండ్లయినను దాటకమునుపే ఆయన ఆట ముగిసెను.

ఇప్పుడొక్కసారి సముద్రముల కావల జూతము. హాలండు దేశమున రోటర్‌డామ్ నగరములో 1937లో కూన్ మౌలైన్ అను బాలుడు జన్మించెను. అతడును ఎడమ అంచు ఆటగాడే. బలరామ్ గారికంటె కొన్ని నెలలు మాత్రమే చిన్న. ఆ దేశమునను పూర్వము ఫుట్‌బాల్ జీతము లేని ఆటయే. జీతమునకై పరదేశమేగిన ఆటగాండ్రకు జాతీయజట్టులో చోటు లేకుండెను. 1953 ఫిబ్రవరిలో సముద్రము పొంగి ఆ దేశమున పదునెనిమిది వందలమందికి పైగా మరణించిరి. బాధితుల సహాయార్థము ఆ పరదేశపు ఆటగాండ్రు పారిస్‌లో ఫ్రాన్సుతో ఆడి 2–1తో గెలిచిరి. దానితో ప్రజాభిప్రాయము మారెను. 1954లో జీతమిచ్చు ఫుట్‌బాల్ అచ్చట మొదలయ్యెను. మౌలైన్ 1955 నుండి 1972 వరకు ఫెయనూర్డ్ క్లబ్బులోనే ఆడి, 1970లో యూరోపియన్ కప్పు గెలిచిన జట్టులో నుండెను. ఆట విడిచిన పిదప సొంత యూరిలో బట్టల దుకాణము నడుపుకొనెను. 2009లో అచ్చటి క్రీడాంగణము వద్ద అతని విగ్రహము నెలకొల్పిరి.

మన దేశమున ఆటగానికి ఆధారము వేరు. పోలీసు, సైన్యము, రైల్వే – ఉద్యోగమే అన్నము, ఆట దానితోడిది. బలరామ్ గారు ఈస్ట్ బెంగాల్ విడిచి చేరినదియు రైల్వేవారి బి.ఎన్.ఆర్. జట్టే. అనగా ఆగ్నేయ రైల్వే జట్టు. కొత్తవలస నుండి మన కిరండూలు వరకు ఇనుపరాతికై అడవులలో, సొరంగములలో దారి తొలిచిన రైలుమార్గమును 2003లో తూర్పు కోస్తా రైల్వేకు అప్పగించు వరకు నడిపినది ఆ సంస్థయే. ఈ సభలోని రైల్వే మిత్రులకు బలరామ్ ఒక విధముగా తోడి ఉద్యోగియే.

ఆయన తల్లి కోరిక తప్పు కాదని ఇందువలన తెలియుచున్నది. ఒక్క వ్యాధి చాలును, ఆట ఆగిపోవుటకు. కావున పిల్లలకు చదువు వలదని నేననను. కాని నాడు మైదానము నిషేధించియుండినచో, అమ్ముగూడ బాలుడు రోముదాక నడచియుండునా? చదువును ఆటయు రెండు కాళ్ళవంటివి. ఒంటికాలితో ఎవడును పరుగిడలేడు.

గోస్వామి, బెనర్జీ గార్లకు లభించిన పద్మశ్రీ బలరామ్ గారికి లభింపలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో ఆయన పరమపదించిరి. ఆయన పేరు మన పిల్లలలో ఎందరెరుగుదురు? విగ్రహము నెలకొల్పుట మనకు సాధ్యము కాకపోవచ్చును. ఆయన కథ చెప్పుట సాధ్యమే.

2024లో ఈ ప్రాంతపు ఏడు జిల్లాలందును బస్తర్ ఒలింపిక్స్ జరిగెను. అందు ఫుట్‌బాల్ కూడ నుండెను. హల్బీ, గోండీ మాటలాడు బాలబాలికలు అడవి పల్లెలనుండి వచ్చి ఆడిరి. మన సంఘమువారు ఏటేట నాటకములకు చేయు వ్యయములో కొంత భాగము ఒక పిల్లల జట్టునకు కేటాయింతురుగాక. ఆ జట్టులో మన పిల్లలతోపాటు ఈ నేల పిల్లలకును స్థానముండుగాక. పరాయి నగరమైన కలకత్తా బలరామ్ గారిని తన బిడ్డవలె చూచుకొన్నది. పరాయి నేలకు వచ్చిన మనమును ఆ ఋణము కొంత తీర్చుకొందము.