చేసిన పనికి పేరు కావాలి

(మా గూడెం నుంచి నర్స్ ప్రాక్టీషనర్ అయిన అమ్మాయి అభినందన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



ఇందాకట్నుంచి మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ "మన పిల్ల డాక్టరమ్మ అయింది" అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు గానీ, అది తప్పు. ఆమె డాక్టరు కాలేదు. నర్సుగా ఉండి, నర్సు చదువులోనే పైకెళ్లి నర్స్ ప్రాక్టీషనర్ అయింది. గుండె జబ్బుల వార్డులో పనిచేస్తోంది. ఆ పేరు సరిగ్గా పలకకపోతే ఆమె కష్టాన్ని మనమే తక్కువ చేసినట్టు.

పదో తరగతిలో ఆమె నా దగ్గరే చదివింది. ఇంటర్ బైపీసీ పాసైంది. డాక్టరు చదువుకి కోచింగ్ డబ్బులెక్కడివి? ఒక ఏడాది తల్లితో మిరపకాయల కోతకి పోయింది. తర్వాత జీఎన్‌ఎం చేసి పట్నంలో ఒక ఆసుపత్రిలో చేరింది. అక్కడ సర్టిఫికెట్లు లాక్కుని బీరువాలో పెట్టుకున్నారు. జనరల్ వార్డులో కొన్నాళ్లు, డయాలసిస్‌లో కొన్నాళ్లు. గుండె వార్డుకి తానై వెళ్లలేదు. ఎవరో సెలవు పెడితే ఆ రాత్రికి అక్కడికి పంపారు. అట్లా వెళ్లింది, అక్కడే ఉండిపోయింది. తెరమీద గీతలు చదవడం ఒక మలయాళీ సిస్టర్ నేర్పింది.

ఒక రాత్రి ఒక రైతు వచ్చాడు. గ్యాస్ నొప్పి అన్నాడు, సోడా తాగొచ్చాడు. ఈ పిల్ల ఈసీజీ తీసి చూసింది, పరిగెత్తి డాక్టర్ని నిద్ర లేపింది. మనిషి బతికాడు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నాతో అంది: "మాస్టారూ, ఆ గీత ముందు చూసింది నేనే. కేస్ షీట్లో నా పేరు లేదండి." ఆ మాట నన్ను చాన్నాళ్లు వదల్లేదు.

ఇది ఈమె ఒక్కదాని కథ కాదు. అమెరికాలో వివియన్ థామస్ అని ఒక నల్లజాతి మనిషి ఉండేవాడు. 1910లో పుట్టాడు. వడ్రంగి పని చేసేవాడు. డాక్టరు చదవాలని ఏళ్లతరబడి పైసా పైసా కూడబెట్టాడు. 1930లో ఒక యూనివర్సిటీలో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అనే సర్జన్ ప్రయోగశాలలో వారానికి 12 డాలర్లకి చేరాడు. అదే ఏడాది బ్యాంకు దివాలా తీసి దాచుకున్నదంతా పోయింది. చదువు ఆశ అక్కడితో సరి. చేసేదేమో పరిశోధన పని. జీతాల పుస్తకంలో ఊడ్చి తుడిచే మనిషి కింద రాశారు. అది తెలిశాక థామస్ ఊరుకోలేదు. నేను చేసేది టెక్నీషియన్ పని, ఆ జీతం ఇవ్వమని అడిగాడు. జీతం పెరిగింది. పుస్తకంలో హోదా మార్చారో లేదో మాత్రం ఆయనకి ఎప్పుడూ తెలియలేదట. చూడండి, కూలి ఇస్తారు గానీ పేరివ్వడానికే చెయ్యి రాదు.

1941లో ఇద్దరూ బాల్టిమోర్ వెళ్లారు. అక్కడ హెలెన్ టాసిగ్ అనే డాక్టరమ్మ నీలిబిడ్డల సంగతి వాళ్ల ముందు పెట్టింది. కొందరు పిల్లలు గుండెలో లోపాలతో పుడతారు. ఊపిరితిత్తులకి రక్తం చాలినంత అందదు. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చేతికి వెళ్లే రక్తనాళాన్ని ఊపిరితిత్తులకి వెళ్లే నాళానికి కలిపి కుట్టే పద్ధతిని కుక్కల మీద ఏళ్లపాటు చేసి చేసి సాధించింది థామస్. 1944 నవంబరు 29న పదిహేను నెలల పాపకి బ్లాలాక్ ఆపరేషన్ చేస్తుంటే, థామస్ వెనకాల ఒక పీట మీద నిలబడి భుజం మీదుగా చూస్తూ ఎట్లా కుట్టాలో చెప్పాడు. కత్తి పట్టిన చెయ్యి ఒకరిది, దారి చెప్పిన నోరు ఇంకొకరిది. ఆ పాప ఎక్కువ కాలం బతకలేదు. కానీ ఆ దారిన వేలమంది పిల్లలు బతికారు. ఆపరేషన్‌కి బ్లాలాక్, టాసిగ్ పేర్లు పెట్టారు. జీతం చాలక థామస్ బ్లాలాక్ ఇంట్లో విందులకి మందు గ్లాసులు అందించాడు. యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది 1976లో! ఈమధ్య కొందరు డాక్టర్లు ఆ ఆపరేషన్ పేరులో థామస్‌ని కూడా కలిపి రాస్తున్నారు. ఆయన పోయింది 1985లో.

నర్సుల సంగతీ ఇంతే. ఆ దేశంలో ఆసుపత్రిలో గుండె ఆగితే నర్సు డాక్టర్ కోసం పరిగెత్తాలి. ఆయన వచ్చేలోపు మనిషి పోయేవాడు. 1960లలో గుండెకు ప్రత్యేక వార్డులు పెట్టి, గీత మారగానే కరెంటు షాక్ ఇచ్చే పని నర్సులకి నేర్పారు. ప్రాణాలు దక్కాయి. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ చదువు మొదలుపెట్టారు.

అంత దూరం ఎందుకు? మన అవ్వలు మంత్రసానులు. ఊరి బిడ్డలందరి బొడ్డు కోసిన చేతులవి. పురుడు పోసేదాకా లోపలికి రమ్మన్నారు, అయిపోయాక స్నానాలు చేసి ఇల్లు కడుక్కున్నారు. ఒంటిని ముట్టుకునే పని మనకి, దాని పేరు వాళ్లకి. చదువుకున్న పిల్లకి కూడా కేస్ షీట్లో అదే జరుగుతుంటే ఏమనాలి?

అందుకే ఈమె ఆగలేదు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు, ఆపైన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ రెండేళ్లు. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన కోర్సే. బీఎస్సీ గానీ పోస్ట్ బేసిక్ గానీ చేసి, కనీసం ఏడాది ఆసుపత్రిలో పనిచేసినవాళ్లకి. ఈ చదువు చదివినవాళ్లకి ఆ పేరుతోనే పోస్టు ఇవ్వమని, ఆ పేరుకు తగ్గ జీతం ఇవ్వమని మన సంఘాలు అడగాలి. దండలతో సరిపెట్టొద్దు.

ఈ ఏడు మన గూడెంలో నలుగురు ఆడపిల్లలు ఇంటర్ పాసయ్యారు. వాళ్ల అమ్మానాన్నలు భోజనాలు కాగానే వెళ్లిపోకండి. అమ్మాయి చీకటి పడేదాకా ఈ వేపచెట్టు కిందే కూచుంటుంది. ఏ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో, ఫీజు ఎంతో, సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఎందుకు ఇవ్వకూడదో ఆమెనే అడగండి. సుబ్బయ్య మావా, నీకు రొమ్ములో బరువుగా ఉంటోందని నిన్న అన్నావు. సోడా పక్కన పెట్టు, ముందు నువ్వెళ్లి చూపించుకో.