తల్లీబిడ్డలు క్షేమము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగము)



రజతోత్సవ వేదికపై పురిటి సంగతులు ప్రస్తావించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పుస్తకమునకును పురిటిగదికిని మన తెలుగునాట పాత చుట్టరికమే కలదు. విజ్ఞాన చంద్రికా మండలిని నడపి, తెలుగువారి చేతికి శాస్త్రగ్రంథముల నందించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి కుమార్తె డాక్టరు అచ్చమాంబగారు. ఆమె వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికయినారు. ప్రసూతినిగూర్చియు శిశుపోషణనుగూర్చియు తెలుగులో గ్రంథము వ్రాసినారు. కావున ఈ చోట ఈ మాట అనుచితము కానేరదు.

మన ఇండ్లలో కాన్పునకు ఎన్ని ఏర్పాట్లు జరుగునో మీకు తెలియును. తొలిచూలు పుట్టింట జరుగవలెను. సీమంతము చేసి, మంచిదినము చూచి కూతును తోడ్కొని వత్తురు. పాత నూలుచీరలు ఉదికి మెత్తని గుడ్డలు మడిచి పెట్టుదురు. ఏ ఆసుపత్రికి పోవలెను, ఎవరు తోడుండవలెను, ఇరువదియొకటవ నాడు బారసాలకు ఎవరిని పిలువవలెను, అన్నియు ముందే నిశ్చయమగును.

కాని బిడ్డకు మన పంచాంగముతో పని లేదు. 2024 డిసెంబరులో మన ముండ్లమూరు, తాళ్లూరు మండలములలో వరుసగా భూమి కంపించినప్పుడు మనకెవ్వరు ముందుగా చెప్పినారు? కాన్పును అట్టిదే. నెలలు నిండకమునుపే ఉమ్మనీరు పోవచ్చును. బిడ్డ ఎదురుకాళ్లతో నుండవచ్చును. రక్తపుపోటు హెచ్చి, మన పెద్దలు గుర్రపువాతమని భయపడిన మూర్ఛకు దారితీయవచ్చును. దర్శిలో అనుకొన్న కాన్పు ఒంగోలులో, ఒంగోలులో అనుకొన్నది గుంటూరులో కావచ్చును. నడిదారిలో 108 బండిలోనే కావచ్చును. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధించినప్పుడు, పుట్టింటికి రాదలచిన కూతుండ్రెందరో ఉన్న ఊరనే, అమ్మ తోడు లేకయే కనవలసివచ్చెను. అమెరికాలోని కూతురి పురిటికి ప్రయాణమైన తల్లులు విమానములు లేక ఇంటనే నిలిచిపోయిరి.

ఇప్పటి వైద్యము మనకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. 2018–20 లెక్కలలో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 45. దేశమంతటి సగటు 97. "కాన్పు పునర్జన్మ" యను నానుడి పుట్టిన కాలమునుండి మనము చాల దూరము వచ్చినాము.

అదే సర్వేలో మరియొక లెక్క కలదు. మన రాష్ట్రమున నూటికి 42 కాన్పులు పెద్దాపరేషనుతో జరిగినవి. ప్రభుత్వాసుపత్రులలో ఇవి నూటికి 27 కాగా, ప్రైవేటు ఆసుపత్రులలో 63. ఒక జనసముదాయములో సిజేరియనులు నూటికి పది దాటిన పిమ్మట మరణములు ఇంకను తగ్గుట కానరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పినది. అనగా ఈ ఆపరేషనులలో కొన్ని ప్రాణము నిలిపినవి. కొన్ని చేయకున్నను సాగెడివి. తనది ఎట్టిదో తల్లికి ఎవరు చెప్పవలెను? చెప్పనినాడు ఆమె జన్మాంతము ఆ సందేహమును మోయవలసినదే.

నేను మనవి చేయదలచిన ముఖ్యవిషయము ఇదియే. ఎంత తారుమారు జరిగినను ఇంటికి వచ్చు కబురు ఒక్కటే: "తల్లీబిడ్డలు క్షేమము." అది శుభవార్తయే. కాని ఆ మాటతో విచారణ ముగిసిపోవును. "బిడ్డ చక్కగా ఉన్నాడు గదా, ఇంక నీకేమి లోటు?" అందురు. ఆమె కంటికి నిదుర లేకుండుట, ఆ గదిలో విన్న మాటలు మరల మరల చెవిని పడుట, బిడ్డను చూచినను మనసు కదలకుండుట ఎవరికిని పట్టవు. పైగా "ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదు, కోయించుకొనినది" అను దెప్పుమాట యొకటి. బిడ్డ అడ్డము తిరుగుటకు తల్లి ఓపికతో సంబంధమేమి? కాన్పు తరువాత కొన్ని వారములైనను దిగులు తీరకున్నచో అది వైద్యుని చూపవలసిన జబ్బు, గుణదోషము కాదు.

తండ్రి సంగతి అంతకన్న మౌనము. అతడు వరండాలో నిలిచియుండును. తలుపు తెరచి ఒక కాగితము చేతికిత్తురు. చదువ వ్యవధి లేదు. చేయి వణకుచుండ సంతకము చేయును. ఆ రాత్రి అతడేమి భయపడినాడో భార్యయైనను ఎరుగదు. వయసువచ్చి, స్పృహలోనున్న రోగి తన సమ్మతి తానే ఈయవలెననియు, ప్రాణాపాయము లేనప్పుడు బంధువుల సంతకము దానికి బదులు కాదనియు 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున తల్లికి నాలుగు మాటలు వివరించి అడుగుట దయ కాదు, ధర్మము.

అనుకొన్నది తప్పినను తలిదండ్రులకు చేయదగిన పని మిగిలియుండును. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో, వెచ్చని పెట్టెలు చాలక, నెలలు నిండని శిశువులను తల్లి రొమ్మునకు చర్మము తాకునట్లు కట్టియుంచిరి. అదియే కంగారూ సంరక్షణ. బరువు తక్కువ బిడ్డలకు పుట్టిన వెంటనే దీనిని ఆరంభించినచో మరణములు నాలుగవ వంతు తగ్గినవని, మన దేశముకూడ పాల్గొన్న అయిదు దేశముల పరిశోధన 2021లో తేల్చినది. తల్లి కోలుకొనువరకు తండ్రియు బిడ్డను రొమ్మున నుంచుకొనవచ్చును. వరండాలోని మగవానికి ఇంతకన్న మంచి పని వేరొకటి గలదా? బారసాల నెల ఆలస్యమైనను దోషము లేదు.

కనుక కాన్పునకు ఏర్పాటు చేయునప్పుడే రెండవ ఏర్పాటును చేయుడు: ఏ పెద్దాసుపత్రికి పోవలెను, రాత్రివేళ ఎవరు వత్తురు, రక్తమెవరు ఇత్తురు. కాన్పుగదిలో తోడుగా ఒక స్త్రీని అనుమతింపవలెనని కేంద్రప్రభుత్వము 2016లోనే ప్రభుత్వాసుపత్రులకు సూచించినది; అడుగుడు. ఇంటికి వచ్చునప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: ఏమి జరిగినది? ఎందుకు చేయవలసివచ్చినది? వచ్చే కాన్పునకు దీనివలన ఏమగును? ఒకసారి ఆపరేషనైన తల్లి మరల సహజముగా కనుట అనేకులకు సాధ్యమే. కాని ఆ నిర్ణయమునకు పాత కాగితము కావలెను. డిశ్చార్జి కాగితమును పొలము పట్టావలె భద్రపరచుడు.

ఈ గ్రంథాలయమువారికి ఒక విన్నపము. నెలకొక మధ్యాహ్నము ఇచ్చట తల్లులను, ఆశా కార్యకర్తను, నర్సమ్మను కూర్చుండబెట్టి మాటలాడనిండు. మరియొక సాయంకాలము తండ్రులను పిలువుడు. పురిటింటికి చూడబోయినప్పుడు బిడ్డ ఎవరి పోలికయో తరువాత అడుగవచ్చును. ముందుగా ఆ తల్లి ప్రక్కన కూర్చుండి, "నీకు ఎట్లు జరిగినదమ్మా?" అని అడిగి, ఆమె చెప్పినంతవరకు వినుడు.