కుక్కకు బీమా అవసరమా?



కిందటి వేసవిలో మా కుక్క మామిడి టెంక మింగేసింది. అది పేగులో అడ్డుపడితే ఆపరేషన్ చేయించాం. కుక్క బతికింది, నా గాజులు తాకట్టుకెళ్ళాయి. "బీమా చేయించాల్సింది వదినా!" అంది పక్కింటావిడ.

నిజమే, మన దేశంలో కుక్కలకూ బీమా ఉంది. కానీ టీకాల ఖర్చు, అప్పటికే ఉన్న జబ్బులు మామూలుగా అందులోకి రావు. ముసలి కుక్కను కొత్తగా చేర్చుకోరు.

అందుకని ముందు టీకాలు. 6-8 వారాల వయసులో పార్వో టీకా మొదలెట్టాలి, 3 నెలలు నిండాక రేబిస్‌ది వేయించాలి. ఇక ప్రీమియం సొమ్ము నెలనెలా పోపులడబ్బాలో దాచుకుంటే చాలదా అంటారేమో. డబ్బా నిండకముందే ఆపద వస్తేనో? తట్టుకోగలిగినవారు దాచుకోండి. తట్టుకోలేనివారు కుక్క చిన్నగా ఉండగానే, షరతులు చదివి మరీ బీమా చేయించండి. డబ్బుల్లేక మూగజీవిని వదులుకోవడం కన్నా కష్టం మరొకటి లేదు.