మనవల చదువు – మన వంతు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై రెండేళ్లు ఊరందరి దరఖాస్తులు సరిచూసిన గుమాస్తాను నేను. సొంత మనవరాలి దరఖాస్తు దగ్గర బోల్తా పడ్డాను. అమ్మాయి ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో మరో తీరు. ఒక్క అక్షరమే తేడా! ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. మా అబ్బాయిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. మొదటి ఏడాది ఫీజు నా పెన్షన్లోంచే కట్టాను. అందుచేత, పదో తరగతి నామినల్ రోల్స్ బడి నుంచి వెళ్లకముందే పేరు, పుట్టిన తేదీ మీరే చూడండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ముందే పెట్టండి. ఈ పని మనకు చేతకానిదా?

ఇక మనవడు. వాడికి మోటార్లు విప్పడం సరదా. వాళ్ల నాన్న ఎంపీసీ అంటాడు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా బి.టెక్. రెండో ఏడాదిలోనే చేరవచ్చునని ఇంట్లో ఎవరికీ తెలియదు. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో పది పాసైనవారికి ఆరేళ్ల కోర్సుంది. ఆదివారం ముగ్గురం కూర్చుంటున్నాం. ముందు వాణ్ణి మాట్లాడనిస్తాను.

శనివారం సాయంత్రాలు సంఘం గదిలో ఉంటాను. పిల్లల కాగితాలు తీసుకురండి, చూద్దాం. సెలవు.