గృహమున రోగి బాధానివారణము
(ముసునూరు మహాసభయందలి యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మన సభలలో ననేక తీర్మానములు జరిగినవి. నేడొక యప్రియవిషయమును విన్నవింప ననుజ్ఞ వేడుచున్నాను. నయముగాని రాచపుండు, అనగా క్యాన్సరు, సోకిన వృద్ధులను మన యిండ్లలో నెట్లు కాపాడవలయునన్నదియే యావిషయము.

మా పెదతండ్రిగారు నలువదేండ్లు మామిడితోటలు కాపు చూచుకొనినవారు. గొంతున రాచపుండు పుట్టి, గ్రుక్కెడు నీరైనను మ్రింగలేని స్థితికి వచ్చిరి. ఇక నయముగాదని వైద్యులు చెప్పిన పిమ్మట గూడ, లోకులేమందురోయని వెఱచి, రెండెకరముల తోట నమ్మి వారిని పట్టణములవెంట ద్రిప్పితిమి. వారు కోరినదో, తమ వసారాలో మంచమును, కంటికెదురుగ మామిడిపూతయు మాత్రమే. ఆ కోరికను గడపటి పదునెనిమిది దినములకుగాని తీర్పలేదు. ఆ దినములలో వారి బాధ చూడనలవి గాకుండెను. మా పెద్దమ్మగారు రేయింబవళ్లు కన్ను మూయలేదు. మార్ఫిను అను మందు గలదని యొకరు చెప్పగా, అది నల్లమందు జాతిది, అలవాటగునని మేమే వలదంటిమి. నేడో రేపో పోవువానికి అలవాటగునని భయపడితిమి! ఈ తప్పు మాది.

ప్రపంచారోగ్యసంస్థ 1986లోనే క్యాన్సరు బాధకు మెట్లవారీగా మందులిచ్చు పద్ధతిని ప్రకటించెను. స్వల్పబాధకు పారసెటమాలు వంటివి, తీవ్రబాధకు మార్ఫిను. సాధారణ మార్ఫిను మాత్రను బాధ వచ్చువఱకు వేచియుండక, నాలుగు గంటలకొకమారు నోటిద్వారా నిత్తురు. మలబద్ధము గలుగును గావున విరేచనపు మందును తోడుగ నీయవలయును. వైద్యుడు మోతాదు నిర్ణయించి కనిపెట్టియున్నచో భయపడ బనిలేదు. 1985 నాటి మత్తుమందుల చట్టమువలన నీయౌషధము దుర్లభమయ్యెను. 2014 సవరణచే గుర్తింపుపొందిన వైద్యసంస్థలకు దీనిని దెప్పించుకొనుట సులభమైనది. హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాలలో బాధానివారణ విభాగము గలదు.

కేరళమున కోళిక్కోడునందు 1993లో డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేష్‌కుమార్ గార్లు చిన్న వైద్యశాలగ నారంభించిన యీసేవను పిమ్మట గ్రామస్థులే చందాలు వేసికొని యింటింటికిని గొనిపోయిరి. 2008లో నారాష్ట్రప్రభుత్వము దీనిని తన విధానముగ బ్రకటించెను. వారు చేసినది మనకేల యసాధ్యము?

ఇంట జేయదగిన పనులు కష్టమైనవి గావు. కదలలేని రోగిని రెండుగంటలకొకమారు ప్రక్కకు ద్రిప్పినచో వీపున పుండ్లు పడుట తగ్గును. నోటిని తఱచు తడిపి శుభ్రపఱచవలయును. ఆకలిలేనివానికి బలవంతముగ నన్నము పెట్టరాదు. రోగి యడిగినచో నిజము దాచరాదు. తోట యెవరికి, అప్పెంత, ఎవరిని చూడవలయునని చెప్పుకొను నవకాశము వానికుండవలయును.

కావున మూడు కోర్కెలు. తలయెత్తు మంచములును, గాలిపరుపులును సంఘము కొని, అవసరమైన యిండ్లకు ఎరువుగ నీయవలయును. శిక్షణపొందిన యొక నర్సమ్మకు జీతమిచ్చి యిండ్లకు బంపవలయును. రోగికడ మేల్కొనియుండు నిల్లాలికి వారమునకొక రాత్రియైనను విశ్రాంతి గలుగునట్లు మన యువజనులు వంతులు వేసికొనవలయును.

కర్మకాండకు వేలు వెచ్చించు మనము, ప్రాణమున్నప్పుడు బాధ తీర్చుటకు వెనుదీయరాదు. మా పెదతండ్రిగారికి చేయలేనిది మీ పెద్దలకైనను జరుగుగాక యని ప్రార్థించుచున్నాను.