భుజములమీద పేర్లు

బైబిలు దగ్గర ఉన్నవారు నిర్గమకాండము 28వ అధ్యాయము తెరచి ఉంచుకొనండి. అక్కడికి తరువాత వెళదాము. ముందు మా సంఘములో జరిగిన ఒక సంగతి చెబుతాను.

క్రిందటి నెలలో ఆరాధన ముగిసిన తరువాత నలుగురు యౌవనస్థులు నా దగ్గరకు వచ్చారు. హన్మకొండ నుండి హైదరాబాదుకు సైకిళ్ళమీద వెళతారట. మోటారు సైకిళ్ళు కాదు, తొక్కే సైకిళ్ళే. దాదాపు 150 కిలోమీటర్లు. ఆ ప్రయాణమును క్యాన్సరుతో బాధపడుతున్నవారికి అంకితం చేసి, చందాలు పోగుచేసి, మన వైపు నుండి చికిత్సకు వెళ్ళేవారికి ఇస్తారట. నాకు సంతోషమైంది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ఆరోగ్యశ్రీ కిందనో వైద్యము ఉచితంగా దొరికినా, కాజీపేటలో రైలెక్కే మనిషికి ఖర్చులు ఉంటాయి కదా. తోడు వచ్చినవాని తిండి, పోయిన కూలి ఎవరు ఇస్తారు?

తరువాత ఒక కాగితం చూపించారు. చొక్కాల వెనుక అచ్చు వేయించడానికి ఐదుగురి పేర్లు. అందరూ మాకు తెలిసినవారే.

"వీళ్ళను అడిగారా?" అన్నాను.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మంచి పనే కదా అయ్యగారూ" అన్నాడు ఒకడు.

వాళ్ళను గద్దించే అర్హత నాకు లేదు. సెమినరీ నుండి వచ్చిన కొత్తలో, వేరే ఊరిలో, నేను అదే పని చేశాను. ఒక సహోదరి తనకు రొమ్ము క్యాన్సరు అని చెప్పి ప్రార్థించమని కోరింది. ఆదివారం ప్రసంగ వేదిక మీద నుండి ఆమె పేరు, జబ్బు పేరు రెండూ చెప్పి, కన్నీళ్ళతో ప్రార్థన చేశాను. మంచి ప్రార్థన అని కొందరు మెచ్చుకున్నారు కూడా. మరుసటి వారం ఆమె రాలేదు. ఇంటికి వెళితే గడప దగ్గరే నిలబడి అడిగింది: "అయ్యగారూ, ప్రార్థన చెయ్యమన్న గని పేరు చెప్పమన్ననా?" అప్పుడు ఆమె కూతురికి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఆ సంబంధము తప్పిపోయింది. కారణం వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ సైకిలు ప్రయాణాల సంగతి అమెరికాలో పాతదే. బిల్లీ స్టార్ అనే ఆయన తల్లి చర్మ క్యాన్సరుతో చనిపోయింది. ఆయన 1980లో మరి 35 మందిని కూడగట్టి మసాచుసెట్స్ రాష్ట్రములో సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. పాన్ మాస్ ఛాలెంజ్ అంటారు. ఆ మొదటి ఏడు వచ్చినవి 10,200 డాలర్లు. ఇప్పటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ సొమ్ము బోస్టనులోని డానా ఫార్బర్ క్యాన్సరు సంస్థకు వెళుతుంది. చికిత్సలో ఉన్న ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క జట్టుతో జతపరుస్తారు, ఆ జట్టు ఆ బిడ్డ కొరకు తొక్కుతుంది.

ఆ సంస్థకు మూలపురుషుడు సిడ్నీ ఫార్బర్. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లల మీద ఆయన వాడిన అమినాప్టెరిన్ అనే మందు తయారుచేసినది ఎవరి బృందమో తెలుసా? మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఫార్బర్ గారి ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. సుబ్బారావు గారు ఆగస్టులో కన్నుమూశారు. ఆయన పేరు మనలోనే చాలామందికి తెలియదు, అది వేరే బాధ.

అదే 1948 మే నెలలో ఆ ఆసుపత్రి మంచం మీద నుండి పన్నెండేళ్ళ బాలుడు ఒకడు రేడియోలో మాట్లాడాడు. విన్నవారు విరాళాలు కుమ్మరించారు. కాని అతని అసలు పేరు చెప్పలేదు, జిమ్మీ అని మాత్రమే అన్నారు. ఐనార్ గుస్టాఫ్‌సన్ అన్న అసలు పేరు 1998లో గాని లోకానికి తెలియలేదు. దేశమంతా వింటున్న రేడియోలో వాళ్ళు దాచగలిగారు. నేను వందమంది ఉన్న సంఘములో దాచలేకపోయాను.

ఇప్పుడు నిర్గమకాండము చూడండి. ఆరోను ఏఫోదు భుజములమీద రెండు రాళ్ళు, ఒక్కొక్క దానిమీద ఆరేసి గోత్రముల పేర్లు. రొమ్ముమీద పతకములో మళ్ళీ పన్నెండు. చెక్కినవి, చెరిగిపోయేవి కావు. బరువు ఉంటుంది. ఆ పేర్లు మోసికొని ఆరోను ఎక్కడికి వెళ్ళాలి? 29వ వచనము చదవండి. బజారులోనికి కాదు, పరిశుద్ధ స్థలములోనికి. నేను వేదిక మీద చేసినది బజారు పని.

మా పిల్లలు ఐదు ఇండ్లకూ వెళ్ళారు. ముగ్గురు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక తల్లి, పేరులో మొదటి అక్షరము మాత్రమే వేయమంది. ఐదవ ఇంటి పెద్దాయన వద్దే వద్దన్నాడు. పిల్లలు లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనుక నుండి పిలిచాడట: "జనగామ కాడ మా బిడ్డ ఇల్లు రోడ్డు పక్కనే. ఆడ ఆగి మంచినీళ్ళు తాగి పొండ్రి. నేను గూడ ఆన్నే ఉంట."

వచ్చే శనివారం తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరుతున్నారు. ఆ పెద్దాయన ముందు రోజే బస్సెక్కి జనగామ వెళ్తానన్నాడు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మేము పేరు చెప్పని వారిని నీవు ఎరుగుదువు. వారిని జ్ఞాపకము చేసికొనుము. ఆమేన్.