పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు: ఫ్యాక్టరీ లోపం ఏది, వయసు అరుగుదల ఏది?

బత్తలపల్లి నుంచి మళ్లీ వచ్చేశాను. పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే. "అన్నా, పాత ఫోర్ బై ఫోర్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. కానీ కొనేముందు ఈ ఎపిసోడ్ పూర్తిగా చూడండి.

మన దేశంలో ఈ బండ్లకి పెద్ద చరిత్రే ఉంది. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1985లో మారుతి జిప్సీ వచ్చింది, 2010లో థార్ వచ్చింది. నా బండి ఏ కంపెనీదో మాత్రం చెప్పను. ఈరోజు టాపిక్ కంపెనీ కాదు, లోపాన్ని పట్టుకునే పద్ధతి.

ముందు చట్టం సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ అనే సెక్షన్ పెట్టారు. ప్రమాదకరమైన తయారీ లోపం ఉంటే, బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయమని కేంద్రం కంపెనీని ఆదేశించొచ్చు. దీని రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అయితే అది ఏడేళ్లలోపు బండ్లకే. మనం కొనేది పదేళ్లదో పదిహేనేళ్లదో. అంటే ఈ రూల్ కింద మన బండిని ఎవరూ వెనక్కి పిలవరు. లోపం మనమే వెతుక్కోవాల, మనమే బాగుచేసుకోవాల.

నా జీపుకి వెనక యాక్సిల్ దగ్గర ఆయిల్ కారేది. పాత ఓనరు రెండుసార్లు సీల్ మార్పించాడు, బిల్లులు కూడా చూపించాడు. అయినా కారడం ఆగలే. ఆ ఆయిల్ డ్రమ్ములోకి దిగి బ్రేక్ లైనర్‌ని తడిపేది. బ్రేక్ కొడితే బండి ఒక పక్కకి లాగేది. ఆలోచించండి, ఎదురుగా లారీ వస్తుంటే? ఇది ఆయిల్ మరకల సమస్య కాదు, ప్రాణాల సమస్య.

ధర్మవరంలో ఒక పాత మెకానిక్ అన్న ఉన్నాడు. ఆయన సీల్ ముట్టుకోనే లేదు. "ఏమప్పా, ఎన్ని సీళ్లు మారుస్తే ఏం లాభం? లోపలి గాలి యాడికి పోవాల?" అన్నాడు. అసలు విషయం అక్కడుంది. బండి నడిస్తే యాక్సిల్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పైన బ్రీథర్ అని చిన్న రంధ్రం ఉంటుంది. అది మన ఎర్రమట్టితో మూసుకుపోయింది. దారి లేక ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ని సీల్ గుండా తోసేస్తోంది.

మరి ఇది అరుగుదలా, ఫ్యాక్టరీ లోపమా? సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే మేం మొదట చూసేది, వేరే సిస్టంలో కూడా అదే వస్తోందా అని. ఇక్కడా అంతే. అదే షెడ్డులో అదే మోడల్ బండ్లు ఇంకో రెండు ఉన్నాయి. ఓనర్లు వేరు, తిరిగిన ఊర్లు వేరు. మూడింటికీ బ్రీథర్ యాక్సిల్ మీదే, మట్టి ఎగిరిపడే చోటే ఉంది. పైకి పైపు లేదు. మూడింటికీ అదే పక్క కారుతోంది. మూడు బండ్లలో ఒకేచోట ఒకే తప్పు ఉంటే డ్రైవర్లని తిట్టి లాభం లేదు, అది పుట్టుకతో వచ్చిందే.

రిపేరు సింపుల్. బ్రీథర్ శుభ్రం చేసి, దానికి రబ్బరు హోస్ తగిలించి, బాడీ మీద ఎత్తుగా కట్టాం. సీల్ కొత్తది. ఆయిల్ తాగిన లైనర్లని తుడిచి వాడకూడదు, అందుకే రెండు పక్కలా మార్చాం. హోస్‌కి ఇంకో లాభం ఉంది. వేడి యాక్సిల్‌తో వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి నీళ్లని పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టే.

ఇంకో రెండు చోట్లు చూడండి. ఇంజిన్ నుంచి డ్యాష్‌బోర్డ్‌కి వైర్లు దూరే రేకు రంధ్రంలో రబ్బరు బుష్ ఉందా? లేకపోతే రేకు అంచు వైర్‌ని కోస్తుంది, షార్ట్ అయితే మంటలే. రెండోది, ఫ్లోర్ రేకుల అతుకులు. కొత్తగా తారు పూసి ఉంటే అనుమానించండి, కింద తుప్పు దాక్కొని ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి వినండి, మెత్తగా మోగితే వదిలేయండి.

ఫోర్ వీల్ పనిచేస్తోందా అని తారు రోడ్డు మీద మలుపులు తిప్పి చూడొద్దు. సెంటర్ డిఫరెన్షియల్ లేని ఈ బండ్లలో ముందు చక్రాలు, వెనక చక్రాలు మలుపులో వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఆ తేడా పోవడానికి దారి లేక గేర్లు బిగుసుకుంటాయి. చిత్రావతి ఇసుకలోనో, దున్నిన చేనులోనో టెస్ట్ చేయండి.

చివరగా ఒక మాట. అమ్మేవాడు "ఈ మోడల్ అన్నిటికీ ఇంతే బ్రో" అంటే ఊరుకోవద్దు. అన్నిటికీ ఉందంటే అది మామూలని కాదు, లోపమని అర్థం. అదే మోడల్ ఉన్న ఇంకో ఇద్దరిని వెతకండి, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. మీ బండిలో ఎక్కడ కారుతోందో మోడల్, సంవత్సరంతో సహా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ముందు హబ్‌లు విప్పి చూపిస్తా. ఉంటాను మరి!